తంగేడు: పువ్వుకు దక్కిన గౌరవం, చెక్క చేసిన సేవ

పల్నాడు జిల్లా దక్షిణపు కొసన, ప్రకాశం జిల్లా సరిహద్దుకు చేరువలో ఉన్న నూజెండ్ల ప్రాంతంలో నాగలి పోని నేల ఎక్కడ మిగిలి ఉన్నదో తెలుసుకోవడానికి కొలతలూ రికార్డులూ అక్కరలేదు. చేల గట్ల మీద, చెరువు కట్టల వాలులో, డొంకల అంచున, రాతిగుట్టల పాదాల వద్ద నడుమెత్తు నుంచి నిలువెత్తు దాకా గుబురుగా పెరిగి, వానలు పడింది మొదలు సంక్రాంతి దాటేవరకు కొమ్మల చివర పసుపుపచ్చని పూల గుత్తులను మోసే ఒక పొద అక్కడ తప్పక ఉంటుంది. అదే తంగేడు. ఎవరూ విత్తు వేయకుండా, నీరు పెట్టకుండా, కంచె కట్టకుండా తరతరాలుగా ఈ మెట్టనేలను అంటిపెట్టుకుని బతుకుతున్న స్వదేశీ మొక్కల్లో ఇంతగా కంటికి కనబడేది మరొకటి అరుదు. దక్షిణ, పశ్చిమ, మధ్య భారతంలోని పొడి ప్రాంతాలతోపాటు శ్రీలంక కూడా దీని పుట్టినిల్లే.

ఈ కాలంలో తంగేడును గురించి వినిపించే మాటలన్నీ దాని పువ్వు చుట్టూనే తిరుగుతున్నాయి. పువ్వు అందమైనదే, పూజనీయమైనదే, అందులో సందేహం లేదు. కాని తెలుగువారి సేద్యానికి, నీటిపారుదలకు, నడకకు కూడా ఈ పొద వందల ఏళ్ళపాటు చేసిన సేవ దాని బెరడు ద్వారా జరిగింది. వాడుకలో తంగేడు చెక్క అనే ఆ బెరడు లేకపోతే రైతు కాలికి చెప్పు లేదు, బావి మీద మోటకు తోలు తొండం లేదు. ఆ చెక్కను నరికి, దంచి, నానబెట్టి, పచ్చితోలును పదును చేసిన చేతులను సమాజం ఊరి బయటే ఉంచింది కనుక, ఆ చేతులతోపాటు చెక్క చరిత్ర కూడా మరుగున పడింది. తంగేడును పూర్తిగా తెలుసుకోవాలంటే ఈ రెండింటినీ కలిపి చూడవలసి ఉంటుంది.

ముందుగా మొక్క సంగతి. దీని శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. స్వీడన్ దేశపు శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1753లో దీనికి కాసియా ఆరిక్యులేటా అని పేరు పెట్టగా, దానిని సెన్నా అనే ప్రజాతిలోకి మార్చిన వ్యక్తి విలియం రాక్స్‌బర్గ్. ఆయన కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానవనానికి వెళ్ళడానికి పూర్వం గోదావరి సీమలోని సామర్లకోటలో ఉండి, కోరమాండల్ తీరపు మొక్కలను తెలుగు పేర్లతో సహా నమోదు చేసినవాడు. ఆయన మరణానంతరం 1832లో వెలువడిన ఫ్లోరా ఇండికా గ్రంథంలో తంగేడు ఈ కొత్త పేరుతో కనబడుతుంది. ఆరిక్యులేటా అనే మాట చెవి ఆకారాన్ని సూచిస్తుంది. ఆకు కాడ మొదట్లో, కొమ్మకు ఇరువైపులా చిన్న చెవుల్లాగా గుండ్రంగా విచ్చుకుని ఉండే పత్రాలు ఉంటాయి. వీటిని పుచ్ఛాలు అంటారు. ఈ ప్రజాతిలోని చాలా మొక్కలకు పుచ్ఛాలు చిన్నవిగా ఉండి తొందరగా రాలిపోతాయి కాని తంగేడుకు అవి పెద్దవిగా ఉండి నిలిచి ఉంటాయి కనుక, పూలు లేని కాలంలో కూడా ఈ పొదను గుర్తుపట్టడానికి అదే మంచి ఆధారం. ఆకు ఈనెకు ఎనిమిది నుంచి పన్నెండు జతల దాకా మొనదేలని చిన్న ఆకులు ఉంటాయి.

తంగేడు చిక్కుడు కుటుంబానికి, అంటే శాస్త్రవేత్తలు ఫాబేసీ అని పిలిచే కుటుంబానికి చెందినది. కంది, శనగ, పెసర, వేరుశనగ వంటి పల్నాటి మెట్టపంటలెన్నో ఈ కుటుంబంలోనివే. అయితే కంది పువ్వును, తంగేడు పువ్వును పక్కపక్కన పెట్టి చూసినవారికి ఈ చుట్టరికం నమ్మశక్యంగా ఉండదు. కంది పువ్వు సీతాకోకచిలుక ఆకారంలో, పైన ఒక పెద్ద రెక్క, పక్కల రెండు చిన్న రెక్కలు, కింద పడవలాగా కలిసిపోయిన మరో రెండు రెక్కలతో ఉండి, కేసరాలను లోపల దాచుకుంటుంది. తంగేడు పువ్వు అలా కాక, ఇంచుమించు సమానమైన అయిదు పసుపు రెక్కలను నాలుగైదు సెంటీమీటర్ల మేర విప్పి, లోపలి భాగాలనన్నిటినీ బయటికే చూపుతుంది. చిక్కుడు కుటుంబంలోనే ఇటువంటి పువ్వులున్న మొక్కలను సీసాల్పినియాయిడే అనే ఉపకుటుంబంగా వేరుచేశారు; రేల చెట్టు కూడా ఇందులోనిదే. ఈ మొక్కలన్నిటినీ ఒక్క కుటుంబంగా కలిపి ఉంచేది కాయ. పువ్వు రాలిన తరువాత తంగేడుకు వేలాడే పలుచని, బల్లపరుపు కాయను ఒలిస్తే, లోపల చిక్కుడు కాయలో వలె ఒకే వరుసలో గింజలు కనబడతాయి.

ఆ పువ్వు లోపల జరిగే పని ఎంతో ఆసక్తికరమైనది. తంగేడు పువ్వులో తేనె ఉండదు. దాని దగ్గరకు వచ్చే నల్ల తుమ్మెదలు పుప్పొడి కోసమే వస్తాయి. కాని పుప్పొడి కూడా సులభంగా చిక్కదు, ఎందుకంటే చాలా పువ్వుల్లో పుప్పొడి తిత్తులు నిలువునా చీలి విచ్చుకుంటే, తంగేడులో అవి కొసన ఉన్న చిన్న రంధ్రాల ద్వారానే పుప్పొడిని విడుస్తాయి. తుమ్మెద కేసరాన్ని కాళ్ళతో పట్టుకుని, రెక్కలు కదపకుండా ఛాతీ కండరాలను మాత్రం అతివేగంగా అదిరించినప్పుడు, ఆ ప్రకంపనకు తిత్తిలోని పుప్పొడి రంధ్రం గుండా చిమ్ముకుని వస్తుంది. శాస్త్రవేత్తలు దీనిని ప్రకంపన పరాగసంపర్కం అంటారు. పూత కాలంలో తంగేడు పొద దగ్గర వినిపించే గాఢమైన ఝుంకారం ఈ పనిలో పుట్టేదే.

పది కేసరాలూ ఒకే పని చేయవు. పైవైపు మూడు చిన్నవి, గొడ్డువి. వాటిలో పనికివచ్చే పుప్పొడి ఉండదు. నడుమ ఉన్నవి తుమ్మెదకు ఆహారం ఇస్తాయి. కిందివైపు పొడవుగా వంగి ఉన్నవి మాత్రం తమ పుప్పొడిని తుమ్మెద ఒంటి మీద, అది కాళ్ళతో తుడుచుకోలేని చోట చల్లుతాయి. ఇంతే కాక, పువ్వు మధ్యనుంచి వచ్చే కీలం, అంటే పుప్పొడిని స్వీకరించే ఆడ భాగం, కొన్ని పువ్వుల్లో ఎడమకు, కొన్నిటిలో కుడికి వంగి ఉంటుంది. ఎడమకు వంగిన పువ్వు మీద తుమ్మెద ఒంటికి ఒక పక్క అంటిన పుప్పొడి కుడికి వంగిన పువ్వులోని కీలానికి సరిగ్గా తగులుతుంది కనుక, ఒక పువ్వు పుప్పొడి దానికే పడకుండా మరో పువ్వుకు చేరే అవకాశం పెరుగుతుంది. తంగేడులోని ఈ అద్దపు ప్రతిబింబాల వంటి అమరికను 1981లో ఒక పరిశోధన ప్రత్యేకంగా వివరించింది. దారి పక్క మొక్క అని ఎవరూ తలతిప్పి చూడని పొదలో ఇంత నిశితమైన ఏర్పాటు ఉన్నదన్న సంగతి పాఠశాల పుస్తకాల్లోకి ఎక్కవలసినది.

పువ్వులో లేని తేనె ఆకు మీద ఉంటుంది. ఆకు ఈనె మీద, చిన్న ఆకుల జతల మధ్య సన్నని గ్రంథులు నిలబడి ఉండి తియ్యని ద్రవాన్ని స్రవిస్తాయి. దానికోసం తిరిగే చీమలు ఆకు తినే పురుగులను వెళ్ళగొడతాయి. పశువులు, మేకలు తంగేడు ఆకును ఇష్టంగా మేయవు. గొర్రెలూ మేకలూ మిగతా పచ్చదనాన్నంతా కొరికివేసిన వేసవి బీడులో కూడా తంగేడు నిలిచి ఉండటానికి ఇదే ముఖ్య కారణం. లోతుకు దిగే తల్లివేరు మరొక కారణం. ఒక విషయంలో మాత్రం ఈ మొక్క తన కుటుంబపు పేరు నిలబెట్టదు. కంది, పెసర వంటివి వేళ్ళమీది బుడిపెల్లో సూక్ష్మజీవులను ఉంచుకుని గాలిలోని నత్రజనిని నేలకు చేర్చగా, సెన్నా ప్రజాతి మొక్కలకు సాధారణంగా ఆ బుడిపెలు ఉండవు. అయినా ఆకు సమృద్ధిగా ఉంటుంది కాబట్టి రైతులు తంగేడు మండలను కోసుకొచ్చి, దమ్ము చేసిన వరి మడిలో పచ్చిరొట్టగా తొక్కించేవారు. చవుడు నేలలను బాగుచేయడానికి ఇది పనికివస్తుందని పేరు కూడా ఉంది. లేత పుల్లలు పందుంపుల్లలుగా పనికివచ్చాయి.

ఇక చెక్క సంగతి. జంతువు నుంచి ఒలిచిన పచ్చితోలు తడిగా ఉంటే కుళ్ళుతుంది, ఎండితే కర్రలాగా బిగుసుకుపోతుంది. తోలు నిండా అల్లుకుని ఉన్న కొలాజెన్ అనే మాంసకృత్తు పోగులను టానిన్లు అనే పదార్థాలు పట్టుకుని స్థిరపరచినప్పుడే అది కుళ్ళని, మెత్తని, నీటికి ఓర్చుకునే తోలు అవుతుంది. టానిన్ అంటే వక్క కొరికినప్పుడు నాలుకను బిగపట్టే వగరు. తంగేడు ఎండు బెరడులో దాదాపు 15 నుంచి 20 శాతం దాకా టానిన్ ఉంటుంది. రెండు మూడేళ్ళ వయసు కొమ్మలను కోసి, బెరడును ఒలిచి ఎండబెట్టి, దంచి వాడుకునేవారు. కోసిన మొదలు మళ్ళీ చిగురించేది కనుక, మొక్కను చంపకుండానే చెక్క తీసుకోవడానికి వీలుండేది.

పల్లెల్లో ఈ పనికి కేంద్రం లంద, అంటే తోళ్ళను నానబెట్టి పదును చేసే తొట్టి. పచ్చితోలును ముందు నీటిలో కడిగి, సున్నపు నీటిలో రోజుల తరబడి ఉంచితే వెంట్రుకలు వదులయ్యేవి. వాటిని, లోపలివైపు మిగిలిన మాంసపు పొరను కత్తితో గీకి తీసి, సున్నం పోయేలా మళ్ళీ మళ్ళీ కడిగి, తంగేడు చెక్క నానిన నీటిలో వేసేవారు. మొదట పలుచని కషాయం, తరువాత క్రమంగా చిక్కటిది. తొందరపడి మొదటే చిక్కటి కషాయంలో వేస్తే పైపొర బిగుసుకుని లోపలికి వగరు ఇంకదు. పెద్ద తోళ్ళనైతే సంచిలాగా కుట్టి, లోపల చెక్కపొడి, కషాయం నింపి వేలాడదీసి, కారిన నీటిని మళ్ళీ పైనుంచి పోస్తూ ఉండేవారు. చివర నూనె పట్టించి, మర్దన చేసి, ఆరబెట్టేవారు. వారాల పని ఇది. సున్నపురాయి గర్భంలో, తంగేడు ఉపరితలం మీద సమృద్ధిగా ఉన్న పల్నాటి వంటి సీమలో ఈ వృత్తికి కావలసిన ముడిసరుకులు నేలే సమకూర్చింది.

లంద నుంచి వచ్చిన తోలు లేకుండా వ్యవసాయం నడిచేది కాదు. మోట బావి మీద ఎడ్లు లాగే బానకు అమర్చిన తొండం తోలుదే. కాడికి కట్టే వార్లు, పలుపులు, కమతగాని చెప్పులు తోలువే. ఈ పనిచేసిన మాదిగలకు మాత్రం ఊరి బావిలో నీరు, గుడిలో ప్రవేశం లేకుండా చేశారు. పంటకు నీరు తోడే తొండం వారు చేసినది, ఆ బావి మాత్రం వారిది కాదు. 1895లో వినుకొండలో జన్మించిన మహాకవి గుర్రం జాషువ తల్లి మాదిగ కులానికి చెందినది. 1941లో వెలువడిన గబ్బిలం కావ్యానికి ఆయన ఆ వృత్తివాణ్ణే, అరుంధతీయుణ్ణే నాయకుణ్ణి చేశాడు. నూజెండ్లకు ఇరుగునే ఉన్న ఆ వినుకొండ కవి ఎన్నుకున్న నాయకుడి చేతి వృత్తిలో తంగేడు చెక్క నిత్యావసర ద్రవ్యమన్న సంగతిని గుర్తుంచుకుని ఆ కావ్యాన్ని చదివినవారికి అందులోని ఆవేదనకు భౌతికమైన ఆధారం కూడా కనబడుతుంది.

పందొమ్మిదో శతాబ్దపు ఉత్తరార్ధంలో ఈ చెక్కకు ఊరి అవసరాన్ని మించిన గిరాకీ ఏర్పడింది. మద్రాసు ప్రెసిడెన్సీలో తంగేడు చెక్కతో సగం పదును చేసిన తోళ్ళు ఈస్టిండియా తోళ్ళు అనే పేరుతో ఇంగ్లండుకు ఎగుమతి అయ్యేవి. తమిళంలో తంగేడును ఆవారం అంటారు కనుక అంతర్జాతీయ వర్తకంలో ఈ సరుకు ఆవారం చెక్కగా ప్రసిద్ధి పొందింది. తంగేడుతో పదును చేసిన తోలు లేత రంగులో, మెత్తగా వచ్చేది కాని వెలుగు తగిలేకొద్దీ ఎర్రబడేది. ఆ లోపాన్ని తగ్గించడానికి చివర కరక్కాయ కషాయంలో ముంచేవారు. తోళ్ళ వర్తకం పెరిగేకొద్దీ బీళ్ళలోని తంగేడు కూడా సొమ్ము తెచ్చే వస్తువై, చిన్నతరహా అటవీ ఫలసాయాల లెక్కలోకి ఎక్కింది. బీడును, మేతను, కంపను లెక్కల పుస్తకంలోకి ఎక్కించడం పల్లె ప్రజలకు ఎంత బాధాకరమైనదో పల్నాడు కంటే బాగా తెలిసిన సీమ లేదు. అడవిలో పశువుల మేతకు, వంటచెరకుకు విధించిన పుల్లరి పన్నును ధిక్కరించిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుండ్లకు నేలకొరిగింది ఇక్కడే.

చెక్కకు ఆ గిరాకీ ఎక్కువకాలం నిలవలేదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ మద్రాసులో క్రోమియం లవణాలతో తోలును పదును చేసే పద్ధతిని ప్రవేశపెట్టాడు; వారాల పని రోజుల్లోకి కుదించుకుపోయింది. మరోవైపు దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ అనే చెట్టు బెరడు దిగుమతి కావడం మొదలైంది. ఆ బెరడులో టానిన్ 30 శాతానికి పైగా ఉండటం, తోటల నుంచి ఒకే నాణ్యతతో రావడం చూసి తోళ్ళ వ్యాపారులు క్రమంగా అటు మళ్ళారు. వాటిల్ పుట్టుక ఆస్ట్రేలియాలో. అదీ చిక్కుడు కుటుంబపు మొక్కే. 1948లో మద్రాసులో కేంద్ర చర్మ పరిశోధన సంస్థ ఏర్పడేనాటికే తంగేడు చెక్క పెద్ద పరిశ్రమలో వెనుకబడిపోయింది. ఆ సంస్థను ప్రపంచ ప్రఖ్యాతికి తెచ్చిన యలవర్తి నాయుడమ్మ గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో పుట్టినవాడు కావడం, పల్నాడు 2022 ఏప్రిల్ 4న వేరు జిల్లా అయ్యేదాకా ఆ గుంటూరు జిల్లాలోనే ఉండటం ఈ ప్రాంతానికి తోలు శాస్త్రంతో ఉన్న మరొక బంధం. ఊళ్ళలో మాత్రం మోటల స్థానంలో మోటార్లు, తోలు చెప్పుల స్థానంలో రబ్బరు చెప్పులు వచ్చిన తరువాతనే లందలు ఎండిపోయాయి.

పువ్వుకు దక్కిన గౌరవం ఈ చరిత్రకు పూర్తిగా వేరైన దారిలో వచ్చింది. కృష్ణకు ఆవలి తెలంగాణలో మహాలయ అమావాస్య నుంచి తొమ్మిది రోజులు జరిగే బతుకమ్మ పండుగలో గునుగు, బంతి, చామంతి పూలతో పాటు తంగేడు పూలను వలయాలుగా పేర్చి గౌరమ్మను నిలుపుతారు. సాగు చేయని బీడు పువ్వుకు పూజలో అగ్రస్థానం ఇచ్చిన పండుగ అది. 2014లో ఏర్పడిన తెలంగాణ ప్రభుత్వం ఆ ఏడాదే బతుకమ్మను రాష్ట్ర పండుగగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ 2018లో తన రాష్ట్ర పుష్పంగా మల్లెను ఎంచుకుంది. నది ఈవలి ఒడ్డున పల్నాటి గట్ల మీద పూసే తంగేడుకు అధికారిక హోదా లేకపోయినా, అది ఆవలి ఒడ్డు తంగేడు కంటే ఏ విధంగానూ తక్కువది కాదు.

వైద్యంలో తంగేడు పేరు తరచుగా వినబడుతుంది. సంస్కృతంలో దీనిని ఆవర్తకి అంటారు. బెరడు కషాయాన్ని విరేచనాలు కట్టడానికి, ఎండిన పూల కషాయాన్ని మధుమేహానికి ఇవ్వడం సంప్రదాయం. శ్రీలంకలో రణవర పేరుతో దీని పూలను తేనీరులాగా కాచుకుని తాగుతారు. వగరు గుణం వల్ల విరేచనాలు తగ్గడంలో ఆశ్చర్యం లేదు. మధుమేహం మాట వచ్చినప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. ఎలుకల మీద జరిపిన ప్రయోగాల్లో పూల సారం రక్తంలో చక్కెరను తగ్గించినట్టు తేలినా, మనుషుల విషయంలో మందులు మానేసి దీనిని నమ్ముకునేంత రుజువు లేదు. మందులతో కలిపి తాగితే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం కూడా ఉంటుంది. మరొక జాగ్రత్త కూడా తప్పదు. తంగేడుకు దగ్గరి చుట్టమైన కసివింద కూడా అవే బీళ్ళలో పసుపు పూలు పూస్తుంది. ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో ఏటా చిన్నపిల్లల మెదడును, కాలేయాన్ని దెబ్బతీసి ప్రాణాలు తీసిన అంతుచిక్కని వ్యాధికి కసివింద గింజలు తినడమే కారణమని 2000 దశకంలో వైద్యులు నిర్ధారించారు. కసివింద ఆకు నలిపితే దుర్గంధం వస్తుంది, దాని ఆకులు మొనదేలి నాలుగైదు జతలే ఉంటాయి, కాండం మీద చెవుల వంటి పుచ్ఛాలు ఉండవు.

1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీరు వదిలిన తరువాత పల్నాటిలో మెట్ట చాలావరకు మాగాణిగా, మిరప, పత్తి చేలుగా మారింది. ఆ నీరు ఈ సీమకు అన్నం పెట్టింది, దానిని తప్పుపట్టడం అన్యాయం. కాని బీడు తగ్గేకొద్దీ తంగేడు గట్లకు, పోరంబోకులకు పరిమితమైంది, ఆ మిగిలిన చోట్లలో కూడా దానికి సర్కారు తుమ్మ పోటీగా వచ్చింది. వంటచెరకు కోసం పందొమ్మిదో శతాబ్దం చివర విదేశాల నుంచి తెచ్చిన ఈ ముళ్ళ చెట్టు కూడా చిక్కుడు కుటుంబానిదే. దాని కాయలను పశువులు తిని పేడ ద్వారా గింజలను ఊరంతా చల్లుతాయి, దాని నీడలో ఇతర మొక్కలు ఎదగవు. దీనికి తోడు చేల గట్లను కలుపుమందుతో చదును చేసే అలవాటు పెరిగింది. తంగేడుతోపాటు దాని ఆకు మీద పెరిగే పసుపు, తెల్ల సీతాకోకచిలుకలకు, పుప్పొడి కోసం వచ్చే తుమ్మెదలకు కూడా ఆసరా పోతుంది. ఆ తుమ్మెదలే వంగ, టమాటా పూలను కూడా అదిరించి పరాగసంపర్కం జరిపేవి కాబట్టి, గట్టు మీది తంగేడు రైతుకు పరాయిది కాదు.

దీనిని పెంచడం కష్టం కాదు. కాయలు గోధుమరంగుకు తిరిగి గలగలలాడే వేసవి మొదట్లో గింజలు సేకరించి, పైపెంకు గట్టిగా ఉంటుంది కనుక గరుకు ఇసుకతో రుద్ది గాని, వేడి నీటిలో రాత్రంతా నానబెట్టి గాని, తొలకరి వానలకు గట్ల మీద, చెరువు కట్టల వాలులో, రోడ్ల అంచున జానెడు సాళ్ళలో విత్తితే చాలు. మొదటి ఏడు కలుపు అణచకుండా చూసుకుంటే ఆ తరువాత నీరు, కాపలా అవసరం ఉండవు. పండుగలకు పూలు కోసేవారు కొమ్మలను మొదలంటా విరవకుండా, ప్రతి పొద మీద కొన్ని గుత్తులను కాయ కట్టడానికి వదిలివేస్తే, మరుసటి ఏటికి విత్తనం అక్కడే ఉంటుంది.